ఇంగ్లిష్ పదాలు: అర్థం, ఉచ్చారణ, స్థాయి

భాషా స్థాయికి కొలమానం సీఈఎఫ్‌ఆర్. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించింది. స్థాయిలు 6: ఎ1, ఎ2 ప్రాథమికం, బి1, బి2 మధ్యస్థం, సి1, సి2 ఉన్నతం.

సులభం: డెట్ - అప్పు, ‘బి’ పలకదు. రిసీట్ - రసీదు, ‘పి’ పలకదు. స్పెల్లింగ్‌లో జారిపోయేవి ఈ అక్షరాలే.

మధ్యస్థం: సటిల్ - సూక్ష్మమైన. కర్నల్ - సైనిక హోదా. స్పెల్లింగ్‌లో ‘ఆర్’ లేదు, పలుకులో ఉంది.

కఠినం, పాలిటీ సబ్జెక్టుకూ పనికొచ్చేవి (ముఖ్యం): కోరమ్ - సభకు కావలసిన కనీస హాజరు; లోక్‌సభ, రాజ్యసభల్లో మొత్తం సభ్యుల్లో పదో వంతు, అధికరణ 100(3). సైనీ డై - తిరిగి కలిసే తేదీ చెప్పకుండా వాయిదా, ప్రకటించేది సభాధ్యక్షుడు. ప్రరోగ్ - సమావేశాల ముగింపు. పార్లమెంటుకైతే రాష్ట్రపతి, అధికరణ 85(2). చివరి రెంటినీ పరీక్షలో జత చేసి అడిగే అవకాశం ఎక్కువ. ఎవరి అధికారం ఏదో గట్టిగా గుర్తుపెట్టుకోండి.