వేడిని తోడు యంత్రము

నెల్లూరు సముద్రతీరమున మైపాడు, కోడూరు, జువ్వలదిన్నె మొదలైన గ్రామములు కలవు. రాత్రియంతయు కడలిపై శ్రమించిన జాలరులు తెల్లవారుసరికి పడవలను ఒడ్డునకు చేర్చుదురు. వంజరము పడినను, చందువ పడినను వారి మొదటి చింత ఒక్కటే: ఐసు దొరకునా? వేసవిలో ఈ జిల్లాలో ఎండ 40 డిగ్రీలను దాటుచుండును. ఐసు లేనిచో చేప కొన్ని గంటలలోనే చెడిపోవును. అప్పుడు కొనువాడు చెప్పినదే ధర. రాత్రి పడిన శ్రమ యంతయు నీటిపాలగును.

పూర్వము ఐసు దక్షిణదేశమున లభించు వస్తువు కాదు. అమెరికాలో బోస్టను నగర ప్రాంతపు చెరువులు చలికాలమున గడ్డకట్టగా, ఆ గడ్డలను కోసి, రంపపుపొట్టులో పొదిగి, ఓడలలో మదరాసునకు తెచ్చెడివారు. దానిని నిలువచేయుటకై 1842లో కట్టిన ‘ఐస్ హౌస్’ మెరీనా తీరమున నేటికిని నిలిచియున్నది. 1897లో స్వామి వివేకానందుడు ఆ భవనమున బస చేసెను. అంత దూరమునుండి వచ్చిన ఐసు దొరల పానీయములకే గాని జాలరి బుట్టకు చేరునది కాదు.

నేడు ఐసును యంత్రములే తయారుచేయుచున్నవి. ఆ యంత్రము చలిని పుట్టించునని పలువురు తలంతురు. అది సరికాదు. చలి యనగా వేడి తగ్గుటయే. యంత్రము నీటిలోని వేడిని తోడి వెలుపల పారబోయును. నీరు తనంత తాను పల్లమునకే పారును. పొలము మిట్టపై నున్నచో రైతు ఏతముతో తోడవలెను. వేడియు నట్లే. అది తనంత తాను వేడి వస్తువునుండి చల్లని వస్తువునకే పోవును. దానిని ఎదురు నడపవలెనన్న పని చేయక తప్పదు. ఆ పని చేయు ఏతమే ఈ యంత్రము.

దాని పనితీరు ఇట్టిది. సాధారణ వాయుపీడనమున అమ్మోనియా సున్నకు దిగువ 33 డిగ్రీల వద్దనే మరుగును. ద్రవరూపమున నున్న అమ్మోనియా గొట్టములలో ప్రవహించుచు, తొట్టిలోని ఉప్పునీటినుండి వేడిని గ్రహించి ఆవిరియగును. ఆ ఉప్పునీరు సున్నకు దిగువకు చల్లబడినను గడ్డకట్టదు. అందు దించిన డబ్బాలలోని మంచినీరు మాత్రము గడ్డకట్టును. అమ్మోనియా ఆవిరిని కంప్రెసరు గట్టిగా అణచగా అది మిక్కిలి వేడెక్కును. వెలుపలి గొట్టములలో ఆ వేడిని విడిచి మరల ద్రవమగును. పిదప సన్నని రంధ్రము గుండా పోవునప్పుడు ఒత్తిడి తగ్గి, చల్లబడి, తొట్టిని చేరును.

ఇచ్చట పారబోయు వేడి మనకు వ్యర్థము. నార్వే, స్వీడను వంటి చలిదేశములలో అదియే కావలసినది. అచ్చటి యిండ్లలో ఇట్టి యంత్రమే వెలుపలి గాలినుండి వేడిని తోడి గదిలోని గాలికి ఇచ్చును. మంచు కురియు గాలిలో వేడి యెక్కడిదని సందేహము కలుగవచ్చును. సున్నకు దిగువ 273 డిగ్రీల చలి కలుగువరకు ప్రతి వస్తువునందును కొంత వేడి యుండును. గొట్టములలోని ద్రవము గాలికంటె చల్లగా నున్నచో ఆ వేడి ద్రవములోనికి పారును.

విద్యుత్తుతో తీగను కాచి గదిని వేడిచేసినచో ఒక యూనిట్టు విద్యుత్తుకు ఒక యూనిట్టు వేడియే లభించును. ఈ యంత్రము అదే విద్యుత్తుతో సుమారు మూడు యూనిట్ల వేడిని ఇంటికి చేర్చును. అందు రెండు యూనిట్లు గాలి యిచ్చినవే. అయితే బావి లోతైనకొలది ఏతము తొక్కువానికి శ్రమ పెరిగినట్లు, చలి హెచ్చినకొలది ఈ లాభము తగ్గును. వెలుపలి గొట్టములపై మంచు పేరుకొనగా, యంత్రము కొంతసేపు ఎదురు నడచి దానిని కరగించుకొనవలసి యుండును.

ఈ ఆలోచనను 1852లో విలియం థామ్సన్ అను శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. ఈయనయే తరువాత కెల్విన్ ప్రభువుగా ప్రసిద్ధి చెందెను. 1856 ప్రాంతమున ఆస్ట్రియా దేశీయుడైన పీటర్ రిట్టింగర్ ఈ సూత్రముతో ఉప్పునీటిని ఇగిర్చి ఉప్పు తీయు యంత్రమును నిర్మించెను. నెల్లూరు తీరమున ఇస్కపల్లి ఉప్పుమడులలో ఆ పనిని సూర్యుడే ఉచితముగా చేయుచున్నాడు. ఎండ కరవైన దేశమువారు వేడిని వెదకిరి; ఎండ మెండైన దేశమువారు చల్లదనమును వెదకిరి. ఇరువురికిని దొరికినది ఒక్క యంత్రమే.