ఓటీపీకి అద్దె నంబరు

ప్రశ్న: షాపింగ్ యాప్‌లకు నంబరిస్తే ప్రకటనల కాల్స్‌తో ప్రాణం విసిగిపోతోంది. ఓటీపీ కోసం ఉచితంగా తాత్కాలిక నంబర్లిచ్చే సైట్లున్నాయని మా తమ్ముడు అంటున్నాడు. వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆ సైట్లలో కనిపించే నంబరు మీ ఒక్కరిదే కాదమ్మా. దానికొచ్చే ప్రతి మెసేజీ, మీ ఓటీపీతో సహా, పేజీ తెరిచిన వాళ్లందరికీ కనిపిస్తుంది. రేపు ఇంకెవరో అదే నంబరు కొట్టి ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ నొక్కితే మీ ఖాతా వాళ్లది. వాట్సాప్‌కైతే నంబరే గుర్తింపు, అక్కడ మరీ ప్రమాదం. పెద్ద సంస్థలు చాలావరకు ఇలాంటి నంబర్లను పసిగట్టి తిప్పికొడతాయి కూడా. యూపీఐకి అసలు పనికిరావు. బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ మీ ఫోన్లోనే ఉండాలి. ఒక్క కూపన్ కోసం తెరిచి వదిలేసే ఖాతాకైతే పెద్ద నష్టం లేదు.

నన్నడిగితే, మీ పేరు మీదే రెండో సిమ్ తీసుకుని యాప్‌లకు అదివ్వండి. మనిషికి తొమ్మిది దాకా అనుమతి ఉంది. రీఛార్జి మాత్రం మానొద్దు: రద్దయిన నంబరును కనీసం 90 రోజులాగి కంపెనీ మరొకరికి ఇచ్చేయగలదు. ‘వేరేవాళ్ల పేరు మీద సిమ్ ఇప్పిస్తాం’ అనేవాళ్ల జోలికి అసలే పోకండి. మోసంతో సిమ్ సంపాదిస్తే 2023 టెలికాం చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు. ప్రకటనల కాల్స్‌కు 1909కు ఫోన్ చేసి డీఎన్‌డీ పెట్టించుకోండి.