పునీత గ్రెగొరీ పతకము

పతకము రొమ్మున ధరించు అలంకారము మాత్రమే కాదు. చదువ నేర్చినవారికి అది యొక చిన్న శాసనము. ఎవరు, ఎవరికి, ఏల ఇచ్చిరో ఱాతి శాసనము తెలిపినట్లే, పతకమునందలి లోహము, రంగులు, అక్షరములు, బొమ్మ ఆ సంగతులనే తెలుపును. నిదర్శనముగా, కథొలిక్ క్రైస్తవుల మతాధిపతియగు పోపు ప్రసాదించు పునీత గ్రెగొరీ పతకమును పరిశీలింతము.

ఈ గౌరవమును 1831 సెప్టెంబరు 1వ తేదీన 16వ గ్రెగొరీ పోపు నెలకొల్పెను. ఆ కాలమున పోపు మతగురువు మాత్రమే గాక, ఇటలీ నడిమి భాగమున నొక రాజ్యమును పాలించు ప్రభువు కూడ. ఆయన పీఠమెక్కిన యేటనే బొలోన్యా మొదలగు పట్టణములలో తిరుగుబాటు చెలరేగెను. ఆస్ట్రియా సేనలు వచ్చి దానిని అణచినవి. అట్టి కల్లోల సమయమున ఏర్పడిన గౌరవ మగుటచేత, పతకము వెనుక 'దేవుని కొరకు, ప్రభువు కొరకు' అను అర్థము గల లాటిన్ మాటలు కానవచ్చును.

పతకము ఎనిమిది మొనలు గల బంగారు శిలువ. దాని భుజములపై ఎఱ్ఱని మీనా. నడుమ నీలి మీనా పూసిన గుండ్రని బిళ్ల. అందు పునీత గ్రెగొరీ రూపము. పౌరుల కిచ్చు పతకమునకు పైని ఆకుపచ్చని ఆకుల దండయు, సైనికుల కిచ్చు దానికి ఆయుధముల గుర్తును ఉండును. వ్రేలాడదీయు పట్టీ ఎఱుపు, అంచులు పసుపు.

మీనా యనగా గాజుపూతయే. లోహ భస్మములు చేర్చి రంగు తెచ్చిన గాజును మెత్తగా నూరి, తడిపి, బంగారముపై తీర్చిన పల్లములలో నింపి, సుమారు 800 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో కరగింతురు. కోబాల్టు వలన నీలము, రాగి వలన ఆకుపచ్చ, బంగారపు సూక్ష్మకణముల వలన కెంపు వన్నె కలుగును. మేలిమి బంగారము 1064 డిగ్రీల వఱకు కరగదు. కావుననే గాజు కరగినను బిళ్ల చెడదు. జయపురపు మీనా నగలకును ఇదియే పద్ధతి. ఇట్టి పాత వస్తువును మెఱుగు కొఱకు కుంపటిపై కాచినచో గాజు బీటలు వాఱును. మెత్తని పొడిగుడ్డతో తుడుచుటే మేలు.

1870లో రోము నగరము ఇటలీలో కలిసిపోవుటతో పోపుల పూర్వరాజ్యము అంతరించెను. పతకము మాత్రము నిలిచెను. 1905లో 10వ పయస్ పోపు దాని నిబంధనలను సవరించెను. రాజభక్తికై పుట్టిన గౌరవము క్రమముగా సేవకును విద్వత్తుకును చెందినది. 1934లో చెస్టర్టన్, బెలాక్ అను ఆంగ్ల రచయితలు దీనిని పొందిరి. మతభేదమును అడ్డు కాలేదు. 2005లో డేవిడ్ రోజెన్ అను యూదు మతాచార్యునకు ఈ గౌరవము లభించెను.

ఇక నడిమి బొమ్మను చూతము. మహాత్ముడగు ఈ గ్రెగొరీ 590 నుండి 604 వఱకు పోపుగా నుండెను. తనకు ముందున్న పోపు మహమ్మారికి బలియైన కష్టకాలమున ఆయన ఆ భారము వహించెను. దేవాలయ భూముల పంటను రోము నగరపు పేదలకు పంచిపెట్టించెను. అంతటి అధికారమున నుండియు తన్ను తాను దేవుని దాసులకు దాసుడ నని చెప్పుకొనెను. 'దాసానుదాసుడు' అను మన మాటకు సరియైన బిరుదమిది. మేలైన బంగారపు నడుమ దాసానుదాసుని నిలుపుటలోనే ఈ పతకపు సారమంతయు ఉన్నది.

ఈ గౌరవము వంశపారంపర్యము కాదు. తండ్రి పతకము కుమారుని పెట్టెలోనికి రావచ్చును గాని, తండ్రి యోగ్యత దానితో రాదు. ఒరగల్లుపై గీచిన బంగారపు వన్నె తెలియునే గాని, ధరించిన వాని వన్నె తెలియదు.

కావున తల్లిదండ్రులారా! వార్షికోత్సవమునాడు మీ బిడ్డ పతకముతో ఇంటికి వచ్చినపుడు సంతోషింపుడు. పిదప, దానిని దేనికై ఇచ్చిరో, ఆ విద్య నలుగురికి ఎట్లు ఉపకరించునో వాని నోటనే చెప్పింపుడు. పతకము రాని బిడ్డ తోటివానికి పాఠము చెప్పియుండిన, ఆ సంగతియు అంతే ఆదరముతో వినుడు. అట్టి యిండ్లలో పతకము గోడకు వ్రేలాడు బిళ్లగా మిగిలిపోక, నడవడికి మేలుబంతి యగును.