మూడు అయస్కాంతాలు, ఒక లోలకం

కయోస్ పాఠం ఎక్కడ మొదలుపెట్టాలని కొత్తగా చేరిన ఫిజిక్స్ లెక్చరర్లు నన్ను అడుగుతుంటారు. బల్ల మీద పెట్టుకునే అయస్కాంత లోలకాన్ని క్లాసుకి పట్టుకెళ్లమంటాను. కింద ముక్కోణంగా అమర్చిన మూడు అయస్కాంతాలు, పైనుంచి వేలాడే మరొకటి. ఏళ్ల తరబడి దాన్ని పక్కన పెట్టుకుని పాఠం చెప్పినవాడిగా నాకు తెలిసినవి ఇవి.

1. ముందు మామూలు లోలకాన్ని ఊపండి.

పావు మీటరు దారానికి కట్టిన గుండు ఒకసారి వెళ్లి రావడానికి దాదాపు 1 సెకను పడుతుంది. దారం మీటరుకి పెంచితే 2 సెకన్లు. వదిలేటప్పుడు చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా ఆ లెక్క పెద్దగా మారదు. చిన్న తేడాకి చిన్న ఫలితమే ఉంటుందన్న నమ్మకం పిల్లల్లో కుదురుకున్నాకే అయస్కాంతాలు బయటికి తీయండి.

2. బొమ్మను వాళ్ల చేతే కట్టించండి.

ల్యాబ్‌లో రిటార్ట్ స్టాండు ఉంటుంది. మూడు అయస్కాంతాలనూ ఒకే ధ్రువం పైకి వచ్చేలా అట్ట మీద అతికించాలి. వేలాడే దాని వ్యతిరేక ధ్రువం కిందికి చూడాలి, అప్పుడే మూడూ దాన్ని లాగుతాయి. తిరగేసి కట్టి, వికర్షణ ఎలా ఉంటుందో చూద్దామనుకునేవాళ్లు ఉంటారు. దారానికి కట్టిన అయస్కాంతం అప్పుడు పల్టీ కొట్టి మళ్లీ ఆకర్షణకే వస్తుంది. ఆ ప్రయోగానికి దారం బదులు సన్నని ఇత్తడి కడ్డీ వాడాలి. స్టాండు దిమ్మ ఇనుముది కాబట్టి అయస్కాంతాలున్న అట్టను దానికి దూరంగా జరపండి.

అసలు కిటుకు ఎత్తులో ఉంది. గుండు మరీ కిందికి ఉంటే మొదటి ఊపులోనే ఒకదానికి చిక్కుకుంటుంది. మరీ పైన ఉంటే అయస్కాంతాల ఊసే లేనట్టు ఊగుతుంది. అట్టముక్కలు ఒక్కొక్కటే కింద పెడుతూ పోతే మధ్యలో ఒకచోట నడక మారుతుంది. గుండు ఒకదాని వైపు వెళ్లబోయి ఆగి, పక్కదాని చుట్టూ మలుపు తీసుకుని, మూడోదాన్ని దాటి వెనక్కి వస్తుంది. ఆ మార్పును పిల్లలే కనిపెట్టాలి, మీరు తొందరపడి చెప్పేయకండి.

3. రంగు పెన్సిళ్లు ఇవ్వండి.

అయస్కాంతాల కింద గళ్ల కాగితం పరిచి, ఏ గడి మీద నుంచి వదిలితే గుండు చివరికి ఎక్కడ నిలిచిందో ఆ అయస్కాంతం రంగు వేయించండి. అయస్కాంతాల దగ్గర గళ్లన్నీ ఒకే రంగులో వస్తాయి, ఎన్నిసార్లు వదిలినా మారవు. దూరం వెళ్లేకొద్దీ ఒకే గడి నుంచి వదిలినా ఒకసారి ఎరుపు, ఇంకోసారి నీలం. ఇదే లెక్కను కంప్యూటర్‌తో చుక్క చుక్కకీ చేయిస్తే అంచుల్లో మూడు రంగులూ చారలు చారలుగా పెనవేసుకున్న బొమ్మ వస్తుంది. అంచును పెద్దది చేసి చూస్తే లోపల ఇంకా సన్నని చారలు. భౌతికశాస్త్రంలో ఇంత అందమైన పటం నాకు మరొకటి కనపడలేదు.

4. అదృష్టమన్న మాట వినపడితే అక్కడే ఆపండి.

గుండు మీద పనిచేసేవి గురుత్వాకర్షణ, మూడు అయస్కాంతాల లాగుడు, గాలి నిరోధం. వీటిలో పాచికలేవీ లేవు. సరిగ్గా అదే చోటు నుంచి అదే విధంగా వదిలితే సరిగ్గా అక్కడే ఆగుతుంది. ఆ ‘సరిగ్గా’ మన వేళ్లకి సాధ్యం కాదు. ఊపు ఊపుకీ తేడా రెట్టింపవుతుందనుకోండి, పది ఊపులకి 1,024 రెట్లవుతుంది. అంటే ఇంకో పది ఊపులు ముందే చెప్పాలంటే మిల్లీమీటరు బదులు మైక్రాన్‌లో కొలవాలి. ఆపైన మరో పదికి నానోమీటర్లో, అంటే కొద్దిపాటి అణువుల వెడల్పులో. ఈ లెక్కను బోర్డు మీద నెమ్మదిగా చేయండి. సూత్రం చెక్కుచెదరకుండా ఉండగానే జోస్యం ఎలా చేజారుతుందో విద్యార్థికి తెలిసేది ఇక్కడే. పాఠానికి ప్రాణం ఇదేనని నా నమ్మకం.

5. సీతాకోకచిలుక కథను సరిగా చెప్పండి.

1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ కంప్యూటర్ మీద వాతావరణ లెక్కను మధ్యలోంచి మళ్లీ నడిపిస్తూ 0.506127 బదులు 0.506 అని ఇచ్చాడు. కొంతసేపు పాత దారిలోనే నడిచిన లెక్క ఆ తర్వాత పూర్తిగా వేరే వాతావరణాన్ని చూపించింది. 1963లో ఆయన పరిశోధనా పత్రం వచ్చింది, 1972 ప్రసంగంతో సీతాకోకచిలుక పేరు లోకానికెక్కింది. రెక్క ఆడించగానే తుపాను పుడుతుందని దాని అర్థం కాదు. అంత చిన్న తేడా కూడా చివరికి దారి మళ్లించగలదని మాత్రమే. బంగాళాఖాతంలో తుపాను వచ్చినప్పుడు వాతావరణ శాఖ పటంలో గీత చుట్టూ వెడల్పవుతూ పోయే శంకువును గీస్తారు కదా, పిల్లలకు దాన్ని చూపించండి. తీరం దాటే చోటు మారితే శాఖ తప్పు చెప్పిందని తిట్టేవాళ్లకు ఆ శంకువు అర్థం తెలియాలి.

6. బొమ్మ ఆగిపోతుంది, ఆకాశం ఆగదు.

గాలి నిరోధం శక్తిని తినేస్తుంది కాబట్టి గుండు కయోస్ కొద్దిసేపటిదే. చివరికి అది ఒక అయస్కాంతం గుప్పిట్లో పడి బుద్ధిగా ఊగుతుంది. గ్రహాలకు అలాంటి నిరోధం దాదాపు లేదు. లోపలి గ్రహాల కక్ష్యలు కయోటిక్ అని 1989లో జాక్ లాస్కార్ లెక్కగట్టి చూపించాడు. ఇవాళ భూమి స్థానాన్ని కొలవడంలో 15 మీటర్ల తేడా ఉంటే చాలు, 10 కోట్ల ఏళ్లు దాటాక భూమి తన కక్ష్యలో ఎక్కడుంటుందో చెప్పలేం.

7. క్లాసయ్యాక అయస్కాంతాలు లెక్కపెట్టి డబ్బాలో వేయండి.

చిన్న నియోడిమియం అయస్కాంతాలు రెండు పసిపిల్లల కడుపులోకి వెళ్తే పేగుల గోడలకి అటూ ఇటూ నిలిచి ఒకదాన్నొకటి లాక్కుంటాయి, పేగుకి చిల్లు పడుతుంది. మింగారని అనుమానం వచ్చినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ఇంట్లో చిన్నపిల్లలున్న విద్యార్థికి ఆ బొమ్మ ఇచ్చి పంపకండి.