రెక్కల నత్త

వానలు పడ్డాక మల్బరీ తోటలో ఆకు కోసేవారికి, టమాటా మళ్ళలో తిరిగేవారికి నత్త కొత్త కాదు. వీపున గుల్లను మోసుకొంటూ, వెనుక జిగురు చారను వదులుతూ అది మెల్లగా పాకుతుంది. ముట్టుకొంటే లోపలికి ముడుచుకొంటుంది. గుల్ల లేని నత్తలు కూడ ఉన్నాయి. అవి తడిమట్టిలోను, పూలకుండీల అడుగునను దాగి ఉంటాయి. చింతామణిలోగాని, బాగేపల్లిలోగాని పెరిగినవారికి 'నత్తనడక' అంటే ఏమిటో చెప్పనక్కరలేదు.

అయితే పాకడమే ఎరుగని నత్త ఒకటుంది. దానికి గుల్ల లేదు. నేల మీద కాలు మోపదు. పుట్టింది మొదలు చనిపోయేదాకా సముద్రపు నీటిలో ఈదుతూనే ఉంటుంది. దాని పేరు క్లయోని. దానిని, దాని దగ్గరి చుట్టాలను కలిపి శాస్త్రజ్ఞులు 'క్లయోనిడే' కుటుంబం అంటారు.

మన చిక్కబళ్ళాపురం జిల్లాకు సముద్రం లేదు. కాని నంది కొండల ప్రాంతంలో పుట్టిన చిత్రావతి బాగేపల్లి మీదుగా సాగి, ఆంధ్రప్రదేశ్‌లో పెన్నను చేరుతుంది. పెన్న నెల్లూరు దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. బంగాళాఖాతం, ఉత్తర ధ్రువ సముద్రం అని మనం వేరువేరు పేర్లు పెట్టుకొన్నాము. నీటికి మాత్రం ఆ గోడలు లేవు. క్లయోని కుటుంబంలోని కొన్ని చిన్న జాతులు వెచ్చని సముద్రాలలోనూ ఉన్నాయి. అందరికీ బాగా తెలిసిన జాతి మాత్రం మంచుగడ్డలు తేలే చలి సముద్రాలలో ఉంటుంది.

1773లో ఫిప్స్ అనే ఇంగ్లండు నౌకాధికారి ఉత్తర ధ్రువం వైపు ప్రయాణించి, స్వాల్‌బార్డ్ దీవుల దాకా వెళ్ళాడు. మరుసటి సంవత్సరం ప్రచురించిన తన గ్రంథంలో ఈ జీవిని వర్ణించి, దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ దీవులలోనే 2008లో మన దేశం 'హిమాద్రి' అనే పరిశోధన కేంద్రాన్ని స్థాపించింది. దాని ఎదుట కాంగ్స్‌ఫియోర్డెన్ అనే సముద్రపు పాయ ఉంది. అందులో క్లయోని ఈదుతూ ఉంటుంది. నీటి వేడిమిని, ఉప్పదనాన్ని ఎడతెగక కొలిచే పరికరాలను మన శాస్త్రజ్ఞులు 2014లో ఆ పాయలోనే దింపారు.

క్లయోని మన చిటికెన వేలంత ఉంటుంది. శరీరం గాజులాగా పారదర్శకం. లోపలి జీర్ణావయవాలు మాత్రం ఎర్రగా, చిన్న దీపం వెలిగించినట్లు కనబడతాయి. మెడకు రెండు పక్కల రెండు చిన్న రెక్కలు. తోట నత్త ఏ పాదంతో పాకుతుందో, ఆ పాదంలోని భాగాలే ఇక్కడ రెక్కలుగా మారాయి. జపానులోని హొక్కైడో తీరానికి చలికాలంలో మంచుగడ్డలు కొట్టుకొని వస్తాయి. వాటితోపాటు వచ్చే ఈ జీవిని అక్కడివారు 'తేలే మంచు దేవదూత' అని ముద్దుగా పిలుస్తారు. ఆ పేరు పెట్టినవారు అది భోజనం చేసేటప్పుడు చూడలేదేమో!

రెక్కలు ఆడించడం ఆపితే క్లయోని మెల్లగా కిందికి దిగిపోతుంది. కనుక సెకనుకు ఒకటి రెండుసార్లు వాటిని ఆడిస్తూ ఉంటుంది. పాదానికి సంబంధించిన రెండు నాడీసంధులు ఈ పనిని నడిపిస్తాయి. వాటిని శరీరం నుండి వేరుచేసి ఉంచినా, రెక్కలను ఆడించే సంకేతాలు అదే లయలో వెలువడుతూనే ఉంటాయని సోవియట్ శాస్త్రజ్ఞులు 1980ల్లో కనుగొన్నారు. మనం నడిచేటప్పుడు ప్రతి అడుగునూ ఆలోచించి వేయము కదా! అటువంటి లయ జీవులలో ఎక్కడ పుడుతుందో తెలుసుకోవడానికి ఈ చిన్న నత్త ఎంతో ఉపయోగపడింది.

ఇక దాని ఆహారం సంగతి. క్లయోని దాదాపు ఒకే రకం జీవిని తిని బ్రతుకుతుంది. అది కూడ రెక్కలున్న నత్తే, పేరు లిమసైనా. దానికి పలుచని గుల్ల ఉంటుంది. చిన్నప్పుడు రాగి గింజంత, పెరిగాక శనగ గింజంత ఉంటుంది. ఇది జిగురుతో వల వంటి దానిని నీటిలో పరచి, అందులో చిక్కిన సూక్ష్మజీవులను తింటుంది.

లిమసైనా తగలగానే క్లయోని తల చీలినట్లు తెరుచుకొంటుంది. లోపలినుండి ఆరు మెత్తని కొమ్ములు రెప్పపాటులో బయటికి పొడుచుకొని వస్తాయి. శరీరంలోని ద్రవం వాటిలోనికి దూకడం వల్ల అవి ఉబ్బి గట్టిపడతాయి. ఆ ఆరింటితో గుల్లను ఒడిసి పట్టుకొని, దాని వాకిలి తన నోటికి ఎదురుగా వచ్చేదాకా తిప్పుతుంది. తరువాత కొక్కేల వంటి ముళ్ళను లోపలికి చొప్పించి, మెత్తని శరీరాన్ని పూర్తిగా బయటికి లాగి మింగుతుంది. ఖాళీ గుల్లను వదిలేస్తుంది. దీనికి కొన్నిసార్లు రెండు మూడు నిమిషాలు, కొన్నిసార్లు అరగంట పైన పడుతుంది.

మరి లిమసైనా దొరకనినాడు? కాంగ్స్‌ఫియోర్డెన్‌లో పట్టిన క్లయోనిలను జర్మనీ శాస్త్రజ్ఞులు ఆహారం లేకుండా నీటిలో ఉంచి చూశారు. 2006లో వారు ప్రకటించిన ప్రకారం అవి 356 రోజులు బ్రతికాయి! అంటే ఇంచుమించు ఒక సంవత్సరం. ఆ కాలంలో వాటి సగటు పొడవు 22 మిల్లీమీటర్ల నుండి 12 మిల్లీమీటర్లకు తగ్గింది. నిలువ ఉంచుకొన్న కొవ్వును ఖర్చుచేస్తూ, శరీరాన్నే కుదించుకొంటూ అవి కాలం గడిపాయి. కరువు కాలానికి గింజలు దాచుకొనే మన రైతులకు ఈ ఉపాయం సులభంగానే అర్థమవుతుంది.

క్లయోని ఉభయలింగి. గుడ్డునుండి వచ్చిన డింభకానికి చిన్న గుల్ల ఉంటుంది! కొన్ని రోజులలో అది దానిని విడిచివేస్తుంది. తరువాత శరీరం చుట్టూ మూడు పట్టీలుగా మొలిచిన శైలికలతో ఈదుతుంది. రెక్కలు బలపడ్డాక ఆ పట్టీలు పోతాయి. ఇదే కుటుంబంలోని పీడోక్లయోని అనే చిన్న జాతి మాత్రం పెద్దదయ్యాక కూడ ఆ పట్టీలను వదలదు. రూపంలో శిశువుగానే ఉండిపోయి పిల్లలను కంటుంది.

గుల్ల లేని జీవికి రక్షణ ఏమిటి? అంటార్కిటికాలోని క్లయోని శరీరంలో చేపలకు సరిపడని రసాయనం ఒకటుంది. నోట్లోకి తీసుకొన్న చేప వెంటనే ఉమ్మివేస్తుంది. ఈ సంగతిని వాడుకొనే దొంగ కూడ ఒకటుంది. రొయ్యకు దూరపు చుట్టమైన ఒక చిన్న జీవి క్లయోనిని పట్టి, వీపున కట్టుకొన్నట్లు మోసుకొని తిరుగుతుంది. చేపలు దాని జోలికి రావు. బందీగా ఉన్న క్లయోని ఆహారం తినలేదు. మెక్‌క్లింటాక్, జాన్సెన్ అనే శాస్త్రజ్ఞులు 1990లో ఈ అపహరణ గురించి వెల్లడించారు.

ఇప్పుడు క్లయోనికి ఇంతకన్న పెద్ద ఆపద, అది తినే లిమసైనా ద్వారా వస్తోంది. ఒక నత్త గుల్లను నిమ్మరసంలో వేసి చూడండి. చిన్న బుడగలు లేస్తాయి. గుల్లలోని సున్నపు పదార్థం ఆమ్లంలో కరుగుతోందన్న మాట. బొగ్గు, పెట్రోలు కాల్చినప్పుడు వచ్చే కార్బన్ డై ఆక్సైడ్‌లో కొంత భాగం సముద్రపు నీటిలో కరిగి ఆమ్లమవుతుంది. యంత్రాల యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళుగా ఉన్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. సముద్రం నిమ్మరసమంత పుల్లగా మారదు. అది ఇప్పటికీ క్షారమే. కాని క్షారగుణం తగ్గింది. లిమసైనా గుల్ల తేలికగా కరిగే రకపు సున్నంతో తయారయింది. చల్లని నీటిలో ఈ వాయువు మరింతగా కరుగుతుంది. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో 2008లో పట్టిన బ్రతికి ఉన్న లిమసైనాల గుల్లలు అప్పటికే కొంత కరిగి, గరుకుదేరి ఉన్నాయని 2012లో శాస్త్రజ్ఞులు తెలిపారు.

క్లయోనికి గుల్ల లేదు గనుక కరిగేదేమీ లేదు. కాని దాని భోజనానికి గుల్ల ఉంది. ఒక సంవత్సరం ఉపవాసం ఉండగలదు. రెండో సంవత్సరం కూడ లిమసైనా కనబడకపోతే దానికి మరో దారి లేదు.

ప్రశ్నలు

1. తోట నత్త పాదానికి, క్లయోని రెక్కలకు సంబంధమేమిటి?
2. క్లయోని తన ఆహారాన్ని ఎట్లా పట్టి తింటుంది?
3. గుల్ల లేని క్లయోనికి, లిమసైనా గుల్ల కరగడం వల్ల నష్టమెట్లా కలుగుతుంది?
4. వాన పడిన మరునాడు మీ ఊరి తోటలో నత్తను వెదకి, అది పాకే తీరును పది వాక్యాలలో వ్రాయండి.