కోరంగి మడల్లో గైడు పని చేస్తారా?

కాకినాడ దగ్గర కోరంగి అభయారణ్యానికి వచ్చేవాళ్లలో చాలామంది చెక్క వంతెన మీద నాలుగు ఫొటోలు దిగి, ‘ఇంకేముందిక్కడ?’ అంటారు. దానికి జవాబు చెప్పగలిగినవాళ్లకే గైడు పనిలో నాలుగు డబ్బులు మిగులుతాయి. చుట్టుపక్కల మత్స్యకార ఊళ్ల పిల్లలకు ఆ జవాబు సగం ఇంట్లోనే దొరుకుతుంది.

అన్నిటికంటే ముందు నీటి వేళ. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా. నీరు తీసినప్పుడు బురద బయటపడి పిట్టలు మేతకు దిగుతాయి. పోటు మీదుంటే పడవ సన్న పాయల్లోకీ పోతుంది. పక్షుల కోసం వచ్చేవాళ్లకు ఒక వేళ, పడవ షికారుకు ఒక వేళ. ఇది ఫోనులో మాట్లాడుకునేటప్పుడే చెప్పేయండి. వచ్చాక చెబితే గొడవే.

బావురు పిల్లిని చూపిస్తానని మాత్రం ఒప్పుకోవద్దు. అది ఎక్కువగా రాత్రిపూట వేటాడుతుంది. బురదలో దాని అడుగులు కనబడితే చూపించండి, మడచెట్ల ఊపిరి వేళ్ల సంగతి చెప్పండి, అదృష్టం బాగుంటే నీటికుక్కలు ఎదురుపడతాయి. తిల్ల చెట్టు ఆకు ఎవరినీ తుంచనివ్వకండి. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

చరిత్ర అడిగితే 1839 తుపానులో కోరంగి రేవు నాశనమైందని చెప్పండి. పోయిన ప్రాణాల లెక్క ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు, దాని జోలికి పోకండి. కాకినాడ తీరానికి అడ్డుకట్టలా నిలిచిన హోప్ ఐలాండ్ గోదావరి తెచ్చిన మేటలతో ఏర్పడిందంటే మాత్రం అందరూ ఆసక్తిగా వింటారు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో రాత్రి ఒడ్డుకు తీసుకెళ్లమని బతిమాలేవాళ్లుంటారు. ఎంత ఇస్తామన్నా వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి అది. గుడ్లు ముట్టుకుంటే కేసే.

ఇక డబ్బు. పిట్టలు వలస వచ్చేది చలికాలంలో, జనం వచ్చేదీ ఎక్కువగా అప్పుడే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు సముద్ర వేట నిషేధం. ఎండల్లో గైడు పనీ పలచబడుతుంది. అంటే రెండు రాబడులూ ఒకేసారి తగ్గే నెలలున్నాయి. చలికాలంలో వచ్చినదాంట్లోంచే వాటికి దాచుకోవాలి. అటవీశాఖ అనుమతి తీసుకునే పనిలో దిగండి. ఇంట్లో వల, పడవ మాత్రం అమ్మకండి.