వెనక సీటు దగ్గర బాస్ గరగరమంటోంది

ప్రశ్న: మా కారు కొని పద్నాలుగేళ్లయింది. వెనక అద్దం కింద కంపెనీ బిగించిన సబ్‌వూఫర్ గరగరలాడుతోంది. కొత్తది ఏదైనా వేయొచ్చా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీ వైపు ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆరుబయట ఆపిన కారులో వెనక అద్దం కింది పలక పెనంలా కాలుతుంది. సబ్‌వూఫర్ అంచు ఫోమ్‌ది అయితే ఆ వేడికి ఏళ్ల తరబడి ఎండి, ముట్టుకుంటే పొడిగా రాలుతుంది. గరగరకు తరచూ ఇదే కారణం.

ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. జాలీ విప్పి, మధ్య గిన్నెను రెండు చేతుల వేళ్లతో సమంగా నొక్కండి. మెత్తగా దిగి అంచు మాత్రమే చిరిగి ఉంటే పారేయకండి. ఫోమ్ రింగు మార్పిస్తే చాలు, ఖర్చూ తక్కువే. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. లోపల గీరుకుంటుంటే కాయిల్ చెడినట్టే, మార్చాల్సిందే.

‘ఏదైనా’ మాత్రం వద్దు. పాత సబ్‌వూఫర్ వెనక రాసిన ఓమ్స్ చూడండి. 4 ఓమ్స్ ఉన్నచోట 2 ఓమ్స్‌ది పెడితే పాత ఆంప్లిఫయర్ వేడెక్కి కాలిపోవచ్చు. వ్యాసం, లోతు, స్క్రూ రంధ్రాలు కొలిచాకే కొనండి. ప్లస్, మైనస్ తారుమారైతే బాస్ పలచబడుతుంది.

తొడుగు మీద ఎయిర్‌బ్యాగ్ అని ఉన్నా, ఫ్యూజు పదేపదే పోతున్నా, కాలిన వాసన వచ్చినా మీరు చెయ్యి పెట్టకుండా కారు ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.